అమెరికా వాటా తగ్గిందంటే పొగ తగ్గినట్టేనా?

ప్రశ్న:
అమెరికా, చైనా కార్బన్ డయాక్సైడ్ వాటాలు ఎలా మారాయో గ్రాఫ్ గీస్తున్నా. 1950లో ప్రపంచం మొత్తంలో అమెరికా వాటా 40 శాతం పైనే, అక్కణ్ణుంచి జారుతూ జారుతూ ఇప్పుడు 13 దగ్గరికొచ్చింది. చైనాది 2000 దాటాక ఒక్కసారిగా లేచి 30 దాటేసింది. ఇది చూస్తే ఎవరైనా అమెరికా దారిలో పడింది, చైనా చెడగొట్టింది అనే అంటారు కదా, అది కరెక్టేనా? ఇంకోటి, ఒక చోట చైనా వాటా 30 పైన అని, ఇంకో చోట 15 అని ఉంది, ఏది నమ్మాలి?

జవాబు 1:
వాటా గ్రాఫ్‌తో వచ్చే చిక్కే ఇది. 1950లో అమెరికా వదిలింది దాదాపు 250 కోట్ల టన్నులు, ప్రపంచం మొత్తం 600 కోట్లు. 2023లో అమెరికాది 490 కోట్లు, ప్రపంచానిది 3,700 కోట్ల పైచిలుకు. అంటే పొగ ఇంచుమించు రెట్టింపైంది, వాటా మూడో వంతుకి పడిపోయింది, ఎందుకంటే కింద భాగించే అంకె ఆరు రెట్లు పెరిగింది మరి. నిజంగా టన్నుల్లో తగ్గడం మొదలైంది 2007 తర్వాతే, అదీ ఎక్కువగా కరెంటు ప్లాంట్లు బొగ్గు మానేసి షేల్ గ్యాస్‌కి (భూమి లోపలి రాతిపొరల్లోంచి తీసే సహజవాయువు) మారడం వల్ల. అందుకే పక్కనే టన్నుల గ్రాఫ్ కూడా పెట్టండి, లేకపోతే చూసేవాళ్ళు తప్పుదారి పట్టడం ఖాయం.

జవాబు 2:
30, 15 రెండూ కరెక్టే. మొదటిది ఒక్క ఏడాది లెక్క, రెండోది పారిశ్రామిక విప్లవం నుంచి ఇప్పటిదాకా కూడిన లెక్క. కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్ళు గాల్లోనే ఉంటుంది కాబట్టి వేడికి పాత బాకీ కూడా లెక్కలోకి వస్తుంది, ఆ కూడికలో అమెరికాది దాదాపు పాతిక శాతం, ఇప్పటికీ అదే ఫస్టు. ఏడాది లెక్కలో చైనా దాన్ని దాటింది 2006 ప్రాంతంలో, 2001 చివర్లో డబ్ల్యూటీఓలో (ప్రపంచ వాణిజ్య సంస్థ) చేరాక స్టీలు, సిమెంటు, ఎగుమతులు అన్నీ ఒకేసారి పెరిగాయి, ప్రపంచం సిమెంటులో దాదాపు సగం అక్కడే తయారవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మరి ఆ ఎగుమతుల పొగ కొనేవాళ్ళ ఖాతాలో వెయ్యాలి కదా?

జవాబు 2:
వేసి చూసిన లెక్కలున్నాయి. చైనాది సుమారు పదో వంతు తగ్గుతుంది, అమెరికాది కాస్త పెరుగుతుంది, అంతే, తలకిందులేం కాదు.

జవాబు 3:
చైనాని మరీ వెనకేసుకొస్తున్నారు. తలసరి చూసినా అమెరికా 14 టన్నుల పైన, చైనా 8 టన్నులు, నిజమే, కానీ ఆ 8 ఇప్పటికే యూరోపియన్ యూనియన్ సగటు కంటే ఎక్కువ, ఇంకా పేద దేశం అంటే ఎలా?
ఇంకో మాట, గ్రాఫ్ టైటిల్‌లో గ్రీన్‌హౌస్ వాయువులు అని రాసి లోపల ఒక్క కార్బన్ డయాక్సైడ్ అంకెలు వెయ్యకండి. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కలిపితే అమెరికా 13 కాస్తా 11 అవుతుంది. అడవులు పీల్చుకునేది కలిపారా లేదా అన్నది కూడా ఫుట్‌నోట్‌లో రాయండి, అమెరికా విషయంలో ఆ తేడా చిన్నదేం కాదు.