పీటర్సన్ పైపు గిన్నెలో నల్ల గీత: పగులా, పైపొర బీటా?

కర్నూలులో పాత సామాన్ల అంగట్లో పొగాకు పీల్చే కొయ్య పైపు ఒకటి ఉంది, ఐర్లండ్ కంపెనీ పీటర్సన్ వారి 'సిస్టమ్' రకం. ధర 6,000 చెప్తున్నారు. కొనేముందు పరీక్షిస్తానని రెండు రోజులకు తెచ్చుకున్నాను.

1930ల నాటిది, కాడ మీది లోహపు పట్టీ వెండిది అన్నారు. రెండూ నిలబడలేదు. కొయ్య మీద 'మేడ్ ఇన్ ది రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్' అని ముద్ర ఉంది. ఐర్లండ్ రిపబ్లిక్ అయింది 1949లో. పట్టీ మీద మూడాకుల షామ్‌రాక్, వేటకుక్క, గుండ్రటి బురుజు ఉన్నాయి. ఇవి కంపెనీ నికెల్ పట్టీలకు వేసే సొంత గుర్తులు. డబ్లిన్ వెండి ముద్రలైతే కూర్చున్న హైబర్నియా (ఐర్లండ్‌కు ప్రతీకైన స్త్రీమూర్తి), కిరీటమున్న వీణ కనపడాలి. కంసాలి కూడా గీటురాయి మీద గీసి వెండి కాదన్నాడు.

పనితనం మాత్రం బాగుంది. పొగదారి, పొగాకు నింపే గిన్నె అడుగుకి సరిగ్గా మధ్యలో తేలింది. బయట పుట్టీ పూసిన మచ్చ ఒక్కటీ లేదు.

చిక్కంతా లోపలే. మసి పొరను 1 మిల్లీమీటరు మందం మిగిలేదాకా గీకితే, పొగరంధ్రానికి ఎదురు గోడ మీద 14 మిల్లీమీటర్ల నిలువు నల్ల గీత బయటపడింది. ఉప్పు నింపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి 12 గంటలు ఉంచాను. ఉప్పు గోధుమరంగుకు తిరిగింది, గీత పోలేదు. గుండుసూది మొన సుమారు అర మిల్లీమీటరు దిగుతోంది. 10 రెట్ల భూతద్దంతో చూసినా బయటి గోడ మీద గీత గానీ, నల్లబారిన చోటు గానీ లేదు.

మిగిలిన మసి మొత్తం గీకకుండా, పొగ తాగి చూడకుండా, ఇది పైపైన వచ్చిన వేడి బీటా, లోపల కొయ్య కాలి పడిన పగులా అని తేల్చుకునే పద్ధతి ఏది?