పౌలు మొదటి ప్రయాణం మ్యాప్: గీత మళ్ళీ మొదటికే వచ్చేస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
సండే స్కూల్ పిల్లలకోసం పౌలు మొదటి మిషనరీ ప్రయాణం చార్ట్ మీద గీస్తున్నా అండి. అపొస్తలుల కార్యములు 13లో అంతియొకయలో బయల్దేరారు, కుప్ర (ఇప్పటి సైప్రస్) వెళ్ళారు, అక్కణ్ణుంచి ఓడలో పెర్గే వచ్చారు, తర్వాత చూస్తే మళ్ళీ అంతియొకయ అంట! ఇదేంటి? ఇంకోటి, ఆ రోజుల్లో అంతంత దూరాలు అసలెలా తిరిగారు?

రిప్లై 1:
నేనూ ఒకప్పుడు ఇక్కడే బోల్తా పడ్డా లెండి. అంతియొకయలు రెండున్నాయి. బయల్దేరింది సిరియాలోది, ఇప్పుడది టర్కీలో అంతాక్యా. రెండోది పిసిదియలోది, పెర్గే నుంచి తోరస్ కొండలెక్కి పోవాలి. సెల్యూకస్ వంశం రాజులు కట్టిన ఊరికల్లా ఇంట్లోవాళ్ళ పేర్లే పెట్టుకుంటూ పోయారు, మన చావుకొచ్చింది. వాళ్ళతో వచ్చిన మార్కు పెర్గేలోనే వెనక్కి తిరిగిపోయాడు కదా, ఆ కొండలు చూసి జడుసుకున్నాడేమో అని నా డౌటు, కారణం మాత్రం అక్కడ రాయలేదు.

రిప్లై 2:
ఎలా అంటే నేలమీద ఎక్కువ నడకే అండి. రోమా వాళ్ళు సైన్యం కోసం వేసిన రాతి రోడ్లు అప్పటికే ఉన్నాయి, రెండో ప్రయాణంలో ఫిలిప్పీ, అంఫిపొలి, అపొల్లోనియ, థెస్సలొనీక అని వరసగా వస్తాయి చూడండి, అవన్నీ ఎగ్నాతియా రోడ్డు మీది ఊళ్ళే. సముద్రమైతే నవంబర్ నుంచి మార్చి దాకా దాదాపు బంద్. ఆ టైం దగ్గరపడ్డాక కూడా బయల్దేరితే ఏమవుతుందో 27వ అధ్యాయం చదవండి, అది పౌలు తర్వాతెప్పుడో రోమాకి వెళ్ళిన ప్రయాణం, అలెగ్జాండ్రియా ఓడ, 276 మంది, ఓడ విడిపోకుండా చుట్టూ తాళ్ళు బిగించారు, 14వ రాత్రి గుండు దించి చూస్తే లోతు 20 బారలు, ఇంకాస్త పోయాక 15, అంటే నేల దగ్గరకొచ్చేస్తోందన్నమాట, చీకట్లో రాళ్ళకి కొట్టుకుంటామని వెనక నాలుగు లంగర్లేసి ఎప్పుడు తెల్లారుతుందా అని కూర్చున్నారు. తెల్లారాక ఓడ పోయింది, మనుషులు మాత్రం అందరూ మాల్టా ఒడ్డుకి చేరారు.

రిప్లై 3:
ఖర్చులకి పౌలు డేరాలు కుట్టేవాడు, కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతులది కూడా అదే పని. ఏడాది వేయాలంటే రెండో ప్రయాణం చార్ట్‌లో కొరింథు దగ్గర వేయండి, అక్కడ తీర్పు చెప్పిన రోమా అధికారి గల్లియోను పేరు గ్రీసులోని డెల్ఫీ శాసనంలో దొరికింది, దాన్నిబట్టి క్రీ.శ. 51-52 ప్రాంతం అని లెక్కకట్టారు.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్స్ అండి, గీత చెరిపేశా. ఇప్పుడు మళ్ళీ చదువుతుంటే ఇంకోటి కనపడింది, లుస్త్రలో పౌలుని రాళ్ళతో కొట్టి చచ్చాడనుకుని ఊరి బయటికి ఈడ్చేశారు కదా, దెర్బే నుంచి మళ్ళీ అదే లుస్త్ర మీదుగా వెనక్కొచ్చారు! బాణం గుర్తు రెండువైపులా పెట్టాలి.