చిన్నపిల్లలతో విమానాల మ్యూజియం: ఒక రోజుకి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

గాలిపటం:
వచ్చే సెలవుకి పిల్లలిద్దరినీ విమానాల మ్యూజియంకి తీసుకెళ్దామనుకుంటున్నాం. పాపకి ఆరేళ్లు, బాబుకి మూడు. పెద్దవాళ్లం ఇద్దరమే. అక్కడ రెండు పెద్ద హ్యాంగర్లు (విమానాలు పెట్టే షెడ్లు), ఆరుబయట కొన్ని భారీ విమానాలు ఉన్నాయి, కొన్నిటి లోపలికి ఎక్కనిస్తారట. ముందు ఏది చూడాలి? ఎంతసేపు పెట్టుకోవాలి? స్ట్రోలర్ తేవచ్చా? "ఇంత బరువు గాల్లోకి ఎలా లేస్తుంది" అని పాప తప్పకుండా అడుగుతుంది. దానికి ఏం చెప్పాలి?

తోకచక్రం:
గేటు తెరిచే వేళకే చేరుకుని నేరుగా ఎక్కనిచ్చే విమానాల దగ్గరికి వెళ్లండి. కాక్‌పిట్‌లో, అంటే పైలట్ కూర్చునే చోట, ఒకరి తర్వాత ఒకరే కూర్చోవాలి కాబట్టి ఆ క్యూ చాలా నెమ్మదిగా కదులుతుంది. జనం పెరిగాక మూడేళ్ల పిల్లాడు అందులో నిలబడలేడు. ఆరుబయటివి కూడా పొద్దున్నే చూసేయండి. ఎండెక్కితే రేకులూ మెట్ల కమ్మీలూ చెయ్యి పెట్టలేనంత కాలతాయి, లోపల ఉక్కపోస్తుంది. హ్యాంగర్లు నీడపట్టునే ఉంటాయి, వాటిని తర్వాత చూడొచ్చు.

ఈ వయసుకి మొత్తం మూడు గంటలు చాలు. ముప్పావుగంటకోసారి కూర్చోబెట్టి నీళ్లు, తినడానికి ఏదైనా ఇవ్వండి. ఆకలని ఏడ్చేదాకా ఆగొద్దు. కదిలే సిమ్యులేటర్ (విమానం నడుపుతున్నట్టు అనిపించే యంత్రం) ఉంటే మాత్రం తినకముందే ఎక్కించాలి. కళ్లు చూసేదానికీ ఒళ్లు కదిలేదానికీ పొంతన కుదరక కడుపులో తిప్పుతుంది. ఎత్తు పరిమితి బోర్డు చూశాకే క్యూలో నిలబడండి.

స్ట్రోలర్ హ్యాంగర్ నేల మీద హాయిగా నడుస్తుంది కానీ విమానం మెట్లెక్కదు. ఒకరు కింద ఆగి, ఒకరు ఒక బిడ్డతో ఎక్కండి, తర్వాత మార్చుకోండి. తప్పిపోతే కలుసుకునే చోటుగా అందరికంటే ఎత్తైన తోక ఉన్న విమానాన్ని లోపలికి వెళ్లగానే పిల్లలకి చూపించండి. ఫోన్ నంబరు బాబు ముంజేతి మీద పెన్నుతో రాయండి. చీటీ అయితే జేబులోంచి జారిపోతుంది.

ఆ రోజు పాత ఇంజన్లు స్టార్ట్ చేసి చూపిస్తారేమో ముందే కనుక్కోండి. అలా అయితే చెవులు మొత్తం కప్పే ఇయర్‌మఫ్‌లు తెచ్చుకోండి. చెవిలో దూర్చే చిన్న ప్లగ్గులు మూడేళ్లవాడికి వద్దు, ఊడి వస్తే నోట్లో పెట్టుకుంటాడు.

రివెట్టు:
ఒక్క జాగ్రత్త అన్నిటికంటే ముఖ్యం: రెక్కల దగ్గర పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకోవద్దు. మీరు ధారాళంగా నడిచి వెళ్లే చోట బిడ్డ తల రెక్క అంచుకి తగులుతుంది. రెక్క వెనక అంచులు పల్చగా, పదునుగా ఉంటాయి. కొన్నిటికి అక్కడే, ఎగిరేటప్పుడు విమానం మీద పేరుకునే స్థిర విద్యుత్తును గాల్లోకి వదిలే సన్నటి పుల్లలు కూడా పొడుచుకొని ఉంటాయి. ముక్కు దగ్గరో రెక్క కిందో ముందుకి పొడుచుకొచ్చిన గొట్టం వేగాన్ని కొలిచే పిటో ట్యూబు. చిన్న విమానాల్లో అది సరిగ్గా పిల్లల కళ్ల ఎత్తులో ఉంటుంది.

తాడు దాటి ముట్టుకోవద్దనడానికి కారణం ఉంది, అది పిల్లలకి చెప్పండి. చెమటలోని ఉప్పు రంగు వెయ్యని అల్యూమినియంని తినేస్తుంది. బాగా పాత విమానాల్లో చాలావాటి రెక్కలకి రేకు ఉండదు, చెక్క చట్రం మీద బిగించిన గుడ్డే. వేలితో నొక్కితే చిరుగుతుంది. ఇంజన్ల కింద పెట్టిన పళ్లేల్లో నూనె ఉంటుంది, బాబు చేతులు అందులోకి వెళ్లకుండా చూసుకోండి.

జంబో:
పాపకి లెక్కపెట్టే పని ఇవ్వండి. బోయింగ్ 747కి 18 చక్రాలు, ఎయిర్‌బస్ ఏ380కి 22. బరువంతా రన్‌వే మీద ఒక్కచోట పడకుండా పంచడానికే అన్ని. హెలికాప్టర్ రెక్కలు కిందికి వేలాడుతున్నాయేమని అడిగితే, తిరిగేటప్పుడు ఆ వేగమే వాటిని బయటికి లాగి తిన్నగా చేస్తుందని చెప్పండి.

రైట్ సోదరుల మొదటి ప్రయాణం 1903 డిసెంబరు 17న 12 సెకన్లు, సుమారు 36 మీటర్లు. పెద్దవాళ్ల అడుగుల్లో దాదాపు 50. హ్యాంగర్‌లో ఖాళీ జాగా ఉంటే అడుగులు వేసి కొలిచి చూపించండి. 747 పొడవులో అది సగమే!

ఎలా ఎగురుతుందంటే: రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి పైన గాలికి దూరం ఎక్కువ. కింద గాలిని చివర్లో కలుసుకోవడానికి పై గాలి వేగంగా పోతుంది, అందుకే రెక్క పైకి లేస్తుంది.

రివెట్టు:
జంబో గారూ, మిగతావన్నీ బాగున్నాయి కానీ ఆ చివరిది పిల్లలకి చెప్పకండి. చాలా పుస్తకాల్లో ఉంది, అయినా తప్పే. పై గాలీ కింద గాలీ చివర్లో కలవాలన్న నియమమేమీ లేదు. నిజానికి పై గాలి ముందే వెళ్లిపోతుంది. వంపే కారణమైతే చదును రెక్కల కాగితపు విమానం ఎగరకూడదు, విన్యాసాల విమానం తలకిందులుగా పోకూడదు.

పాపకి ఇలా చెప్పండి: రెక్క గాలిని కిందికి నెడుతుంది, గాలి రెక్కని పైకి నెడుతుంది. గట్టి అట్టముక్క ముందు అంచు కాస్త పైకెత్తి పట్టుకుని పరుగెత్తమంటే చేతికే తెలుస్తుంది. అట్ట మరీ నిలువుగా పెడితే లేవడం పోయి వెనక్కి లాగుతుంది. రెక్క మరీ నిక్కితే విమానం పడిపోవడమూ అందుకే.

వెళ్లేముందు ఇంట్లో కాగితపు విమానం చేసి, రెక్కల వెనక అంచు అర సెంటీమీటరు పైకి మడవండి. ముక్కు లేస్తుంది. ఎక్కువ మడిస్తే లేచి, ఆగి, కూలబడుతుంది. మ్యూజియంలో అసలు విమానం తోక మీద అదే మడత బందుతో బిగించి కనిపిస్తుంది, దాని పేరు ఎలివేటర్. పైలట్ కర్ర వెనక్కి లాగితే అది పైకి లేస్తుంది. ప్రదర్శనకి పెట్టినవాటిలో చాలావరకు తాళం వేసి ఉంటాయి, కర్ర కదలకపోతే బలవంతం చేయనివ్వకండి.

గాలిపటం:
చాలా ఉపయోగపడిందండీ. బాబుకి చీకటి ఇరుకు చోట్లంటే భయం. కాక్‌పిట్‌లోకి దిగనంటే?

తోకచక్రం:
మూత లేని కాక్‌పిట్ ఉన్న చిన్న విమానంతో మొదలుపెట్టండి. లేదంటే మధ్యకి కోసి లోపలి భాగాలు కనిపించేలా పెట్టినదాని దగ్గరికి తీసుకెళ్లండి. పెద్దదాంట్లోకైతే ముందు మీరు కూర్చుని ఒళ్లోకి రమ్మనండి. అయినా వద్దంటే ఎత్తి దింపొద్దు, చక్రాల దగ్గరే ఉంచండి. మూడేళ్లవాడికి తనకంటే ఎత్తైన టైరే పెద్ద వింత.