సంక్రాంతి నుంచి ఉగాది దాకా పూసే, ఏళ్లపాటు నిలిచే మొక్కలు ఏవి?

ప్రశ్న – కోరాపుట్ నుంచి

అందరికీ నమస్కారం. మాది కోరాపుట్ పట్టణం. ఏటా సంక్రాంతి దాటగానే మా వీధి చివరి చిన్న నర్సరీలో పెట్యూనియాలు, పాన్సీలు, డయాంథస్‌లు నిండుగా పూసి కనిపిస్తాయి. తెచ్చి కుండీలలో పెట్టుకుంటే చైత్రం ఎండలకే మాడిపోతాయి. ఏటేటా కొత్త నారు కొనడం కన్నా, ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండి, చలి తగ్గే రోజుల్లో పూసే మొక్కలను పెంచుకోవాలని నా కోరిక. చలిదేశాలలో మంచు కరగకముందే పూసే హెల్లెబోర్, స్నోడ్రాప్ మొక్కల ఫొటోలు చూసినప్పటి నుంచి మనసు వాటి మీదికి పోతున్నది. మా ఊరు సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది కదా, అవి ఇక్కడ బతుకుతాయా? బతకవంటే వాటి బదులు ఏవి తెచ్చుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

జవాబు – జయపురం నుంచి

అమ్మా, మాది జయపురంలో చిన్న నర్సరీ. ఆ రెండింటినీ మీరు మరచిపోవడమే మంచిది. అవి ఐరోపా, పశ్చిమాసియా ప్రాంతాల మొక్కలు. వాటికి నెలల తరబడి విడవకుండా గట్టి చలి కావాలి. మన కొండల చలి అంత కాలం నిలిచేది కాదు, ఆ వెనుకే ఎండలు వస్తాయి.

మీ ఊళ్లో మొక్కను చంపేది ఎక్కువగా ఎండ కాదు, వాన. ఏటా 1500 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే చోట, ఆషాఢ శ్రావణాలలో వేళ్ల దగ్గర నీరు నిలవకుండా చూసుకుంటే సగం పని అయినట్టే. అందుకే ఎర్రమట్టిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, కుండీలను ఇటుకల మీద ఎత్తుగా పెట్టమని అడిగిన వారందరికీ చెబుతాను.

మీకు మొదట చామంతి. పూలు వాడగానే మొక్కను జానెడు ఎత్తుకు కత్తిరిస్తే మొదలు చుట్టూ పిలకలు లేస్తాయి. నర్సరీకి వెళ్లినప్పుడు నిండుగా పూసిన కుండీని కాక, పూలు అయిపోయి ఎవరూ పట్టించుకోని కుండీని ఎత్తి చూడండి. మొక్క మొదలు దగ్గర పచ్చని పిలకలు, వాటి అడుగున తెల్లని వేళ్లు కనిపిస్తే అదే మీరు కొనవలసినది. జెర్బెరా కూడా మీ ఎత్తులో బాగుంటుంది, కాని ఆకులన్నీ కలిసే మొదలు మట్టికి పైన ఉండి తీరాలి. అది పూడుకుపోతే మొదటి వానలకే కుళ్లు పడుతుంది. జెరేనియం తెచ్చుకుంటే రథయాత్ర నాటికే కొమ్మలు కత్తిరించి, చూరు కింద విడి కుండీలలో నాటి ఉంచండి. తల్లి మొక్క వానలో పోయినా పిల్లలు మిగులుతాయి. డేలియా దుంపను విడదీసేటప్పుడు ప్రతి ముక్కకూ కాండం మొదలు కొంతైనా, దాని మీద మొలక వచ్చే కన్నుతో సహా, అంటుకొని ఉండాలి. ఉత్త దుంప ఎంత లావుగా ఉన్నా మొలకెత్తదు.

జవాబు – పర్లాకిమిడి నుంచి

జయపురం వారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తున్నాను, డేలియా విషయంలో తప్ప. వానలకు ముందే దుంపలు తవ్వి ఇసుకలో దాచి, చలికాలానికి మళ్లీ నాటవలసిన మొక్క, ఏటేటా శ్రమ వద్దనుకునే వారికి సరిపడదు. మా పల్లపు ఊళ్లలో జెర్బెరా, జెరేనియం కూడా వేసవి దాటడం కష్టం.

మా దగ్గర నమ్మకంగా పూసేవి గుండుమల్లె, లిల్లీ లాంటి పెద్ద పూలు పూసే గడ్డ మొక్క హిప్పియాస్ట్రమ్. మల్లెను నవంబరు చివరి వారంలో నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తుకు కత్తిరించి, కొన్నాళ్లు నీరు తగ్గించి, తరువాత ఎరువు వేసి తడి పెడితే మార్చి నుంచి మొగ్గ తొడుగుతుంది. హిప్పియాస్ట్రమ్ గడ్డను మెడ భాగం పైకి కనిపించేటట్లు నాటాలి. పూలు అయ్యాక చాలామంది అందం పోయిందని ఆకులు కోసేస్తారు, అది ఎంత మాత్రం పనికిరాదు. వచ్చే ఏటి పువ్వుకు గడ్డలో బలం చేరేది ఆ ఆకుల వల్లనే.

కోరాపుట్ నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందుగా చామంతి, హిప్పియాస్ట్రమ్ తెచ్చుకుంటాను. మా గుమ్మం ఎదురుగా వీధి దీపం తెల్లవార్లూ వెలుగుతుంది. దాని వల్ల చామంతికి ఇబ్బంది ఉంటుందా?

జయపురం నుంచి

తప్పకుండా ఉంటుందమ్మా. రాత్రులు పెరిగి చీకటి ఎడతెగకుండా ఉన్నప్పుడే చామంతి మొగ్గ కడుతుంది. దీపపు వెలుగు పడితే ఆకులే వేస్తూ పోతుంది. భాద్రపదం నుంచి మొగ్గలకు రంగు తిరిగే దాకా కుండీలను పెరటి వైపు ఉంచండి, ఆ తరువాత గుమ్మం ముందుకు తెచ్చుకోవచ్చు.