అప్‌డేట్: ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ వెనక షాఫ్ట్ మార్చాక వణుకు పోయింది

80 కిలోమీటర్ల వేగం దాటితే సీటు కింద వణుకు, గేరు మార్చినప్పుడల్లా టక్కుమని చప్పుడు వస్తోందని, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని వెనక చక్రాల వైపు చేరవేసే, తిరిగే గొట్టం) ఏది కొనాలో చెప్పమని అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

వెనక షాఫ్ట్ విప్పేసి, ఫోర్ వీల్ వేసి ముందు చక్రాలతోనే కాస్త దూరం నడిపి చూడమన్న సలహాతోనే లోపం ఆ షాఫ్ట్‌లోనే అని తేలిపోయింది. వణుకు అసలు రాలేదు. మా షాఫ్ట్‌కు రెండు వైపులా ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే పళ్లెం లాంటి భాగం) ఉంది కాబట్టి కుదిరింది. ట్రాన్స్‌ఫర్ కేసులోకి (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) జారే రకమైతే విప్పగానే ఆయిల్ కారిపోతుంది, దయచేసి అలా నడపకండి. ఆటోనగర్ మేస్త్రి చూసి ట్యూబుకు సొట్ట పడిందని, షాఫ్ట్ కీళ్లలో ఉండే క్రాస్ బేరింగులు అరిగిపోయాయని చెప్పారు. చక్రాల బ్యాలెన్సింగ్, గేర్‌బాక్స్ మౌంటింగ్ బాగానే ఉన్నాయి.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. అదే మోడల్ టూ వీల్ డ్రైవ్ షాఫ్ట్ చవకగా దొరికింది గానీ సరిపోదు. ట్రాన్స్‌ఫర్ కేసు ఉండటం వల్ల మన బండికి పొడవు తక్కువ కావాలి. బండిని చక్రాల మీదే నిలబెట్టి ఫ్లాంజ్ నుంచి ఫ్లాంజ్ దాకా కొలవాలి, బోల్టు రంధ్రాల దూరం కూడా చూసుకోవాలి. బ్యాలెన్స్ చేసిన కొత్త షాఫ్టే తీసుకున్నాను. స్ప్లైన్ (షాఫ్ట్ ముక్కలు ఒకదానిలోకి ఒకటి జారే పళ్ల భాగం) దగ్గర గుర్తులు ఎదురెదురుగా కలిపి, షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లు (ఫోర్క్ ఆకారపు భాగాలు) ఒకే వరుసలో ఉండేలా బిగించారు. ఈ వరుస తప్పితే కొత్త షాఫ్ట్‌తోనూ వణుకు వస్తుంది. బోల్టులు, నట్లు కూడా కొత్తవే.

ఇప్పుడు లోడుతో హైవే మీద వెళ్తున్నా చప్పుడు లేదు, టెన్షన్ లేదు.