వానపాముకు తెలివి ఉందన్న డార్విన్ మాట నిలుస్తుందా?

సాగర్: 1881లో, చనిపోవడానికి కొన్ని నెలల ముందు, డార్విన్ వానపాముల మీద పుస్తకం తెచ్చారు. అవి ఆకుల్ని లాక్కుపోయి బొరియ నోటికి అడ్డం పెట్టుకుంటాయి కదా, ఆ పనిలో కొంత తెలివి ఉందని అందులో తేల్చారు. ఇది పెద్దవయసులో జీవుల మీద పెరిగిన మమకారం అనిపిస్తోంది నాకు. కళ్లూ చెవులూ లేని జీవికి తెలివేమిటండీ?

పద్మజ: మమకారం అనకండి సాగర్ గారూ. వాటికి వినపడదని తేల్చిందీ ఆయనే. పక్కన పియానో వాయిస్తే కదల్లేదు. వానపాములున్న కుండీని ఆ పియానో మీదే పెట్టి మీట నొక్కితే అదురుకి బొరియలోకి దూరిపోయాయి.

ఇక అసలు ప్రయోగం. కాగితాన్ని కోసుగా త్రిభుజాలు కత్తిరించి, తడికి మెత్తబడకుండా కొవ్వు రాసి వాటి ముందు వేశారు. వానపాముల తాతముత్తాతలు ఎవరూ కాగితం ఎరగరు, పుట్టుకతో వచ్చిన అలవాటు అందామంటే కుదరదు. మొన పట్టి లాగితేనే ముక్క బొరియలోకి తేలిగ్గా దూరుతుంది. 303 ముక్కల్లో 62 శాతం మొన పట్టుకునే లాగాయి. వెడల్పు అంచు పట్టినవి 23 శాతమే. గుడ్డిగా పట్టుకుంటే వెడల్పు వైపే ఎక్కువసార్లు దొరకాలి కదా! అన్ని వైపులా లాగి లాగి చివరికి మొన పట్టాయేమో అన్న అనుమానం ఆయనకీ వచ్చింది. అదే నిజమైతే వెడల్పు అంచు నలగాలి, మట్టి అంటాలి. మొనతో లోపలికి పోయిన ముక్కల్ని బయటికి తీసి చూశారు. చాలావాటికి ఆ జాడే లేదు. తన నిర్ణయం ఎక్కడ కూలిపోతుందో తనే వెతుక్కున్న మనిషి ఆయన. అందుకే ఆ మాటకు నేను విలువిస్తాను.

రమణమూర్తి: పద్మజ గారూ, అంకెలు సరే. కానీ సన్నటి మొన నోటికి తేలిగ్గా పట్టుబడుతుంది. వెడల్పు అంచు అంత బాగా పట్టు చిక్కదు. అంతమాత్రాన వానపాముకు ఆకారం తెలిసినట్టా? ఆకుల సంగతైతే మొన రుచి వేరు, కాడ రుచి వేరు కావచ్చు.

పద్మజ: రుచి సంగతి కాగితం దగ్గరే తేలిపోయిందండీ. పైగా మొన వైపు కంటే మొదలు, అంటే కాడ వైపు, సన్నంగా ఉండే రోడోడెండ్రాన్ అనే పూలపొద ఆకుల్ని మూడింట రెండు వంతులు మొదలు పట్టే లాగాయి. చలిగాలిని ఆపాల్సిన పనిలేని, నిప్పు వేసి వెచ్చగా ఉంచిన గదిలో వానపాములు బొరియ మూయడంలో అశ్రద్ధ చూపాయి. పని అవసరాన్ని బట్టి మారింది.

నోటి పట్టు గురించి మీరన్నది మాత్రం గట్టి అభ్యంతరమే, రమణమూర్తి గారూ. మొన దగ్గర నాలుగు పొరలు అంటించి పట్టు కష్టం చేసి, వెడల్పు వైపు పలచగా వదిలేస్తే? అప్పుడూ మొననే పట్టుకుంటే ఒప్పుకుంటారా?

రమణమూర్తి: ఒప్పుకుంటానండీ. కొవ్వు మాత్రం రెండు వైపులా సమానంగా రాయాలి.