అమ్మ వేలిముద్ర పడటం లేదు, అరిగిపోయినట్టేనా?

టంగుటూరు కుర్రోడు:
మా అమ్మ ఇరవై ఏళ్లుగా పొగాకు గ్రేడింగుకి పోతోంది. పోయిన నెలదాకా రేషన్ మిషన్ మీద రెండోసారికో మూడోసారికో వేలు పడేది. ఈ నెల పది వేళ్లూ పెట్టినా పడలా. డీలరేమో పొగాకు బంకకి గీతలు అరిగాయి, ఆధార్ సెంటర్‌కి పోయి మళ్లీ వేయించుకోండి అంటాడు. నిమ్మకాయ రుద్దాం, కొబ్బరినూనె రాశాం. ఒంగోలు పోతే ఒకరోజు కూలి పోద్ది. ఏం చేయమంటారు?

చీమకుర్తి పాలిషింగ్:
మా గ్రానైట్ యూనిట్లో సగం మందికి ఇదే గోల. నూనె మాత్రం వద్దన్నా, అద్దం మీద మరకై వెనకాల వాళ్లకీ పడదు. తడిగుడ్డతో తుడిచి ఉంగరపు వేలు పెట్టించండి, బొటనవేలంత అరగదు. మాకిప్పుడు హాజరుకి ముఖం చూసే మిషన్ పెట్టారు, హాయిగా ఉంది.

నెల్లూరు ఆధార్ ఆపరేటర్:
ముందు మిషన్ మీద ఏ నంబరు వచ్చిందో చెప్పండి. 300 అయితే ముద్ర కలవలేదని. 330 అయితే అరుగుదలా కాదు, బంకా కాదు, బయోమెట్రిక్‌కి ఎవరో తాళం వేశారు.

టంగుటూరు కుర్రోడు:
330! పోయిన నెల మా తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చి, పొలం దస్తావేజుల మీది వేలిముద్రలతో సిలికాన్‌తో దొంగ వేళ్లు చేస్తున్నారంట అని ఫోన్లో ఏదో నొక్కిపోయాడు. అమ్మ ఆధార్‌కి వాడి ఫోన్ నంబరే ఉంది. పోనీ ముఖంతో ఇస్తారా?

నెల్లూరు ఆపరేటర్:
ఇవ్వరు. తాళం వేస్తే వేలు, కన్ను, ముఖం మూడూ ఆగిపోతాయి. ఓటీపీ ఒక్కటే నడుస్తుంది. మీ తమ్ముణ్ణి ఫోన్లో ఆధార్ వాళ్ల యాప్‌లో తాళం తాత్కాలికంగా తీయమనండి. పది నిమిషాలే తెరిచి ఉంటుంది, తర్వాత తాళం దానంతటదే పడిపోద్ది. కాబట్టి వరసలో నిలబడగానే కాదు, అమ్మ ముందు ఇద్దరున్నప్పుడు ఫోన్ చేయండి.

కందుకూరు:
నెలనెలా ఈ తంటా ఎందుకబ్బా, మొత్తానికే తీసేస్తే పోలా?

నెల్లూరు ఆపరేటర్:
ఆమెకి బ్యాంకు ఖాతా ఉంది కదన్నా. ఏఈపీఎస్‌లో, అంటే ఆధార్‌తో బ్యాంకు డబ్బు తీసే పద్ధతిలో, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు, ఓటీపీ అడక్కుండానే డబ్బు తీయొచ్చు. 2023 ఫిబ్రవరి నుంచి ఆధార్ వాళ్లు గీతలతోపాటు వేలి బొమ్మనీ కలిపి, అది బతికున్న వేలా కాదా అని చూస్తున్నారు. ముఖానికైతే రెప్ప కొట్టమంటారు. ముందుముందు ముఖమే ఎక్కువవుద్దని నా లెక్క. అయినా తాళం ఉంచడమే మేలంటాను. ఎప్పుడైనా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

టంగుటూరు కుర్రోడు:
ఇప్పుడే వచ్చాం. తమ్ముడు మీటింగులో ఉండి మొదట ఫోన్ ఎత్తలా, వెనకాల వాళ్లందరినీ ముందుకు పంపాల్సొచ్చింది. ఉంగరపు వేలు రెండోసారికే పడింది, బియ్యం తెచ్చుకున్నాం. డీలరు మాత్రం నిమ్మకాయ పనిచేసిందనే అంటున్నాడు.